ముప్పావు మీటరు

పట్టపగలు పదకొండింటికి లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి, డ్యామ్ ప్రోగ్రాం రాసిన ఇంజనీరు గుండెలో బుల్లెట్‌తో కూలబడి ఉన్నాడు.

పావుగంటలో ఏజెంట్ మొండికి ఫోన్ వచ్చింది.

"విదేశీ ముఠా పని," అన్నాడు చీఫ్. "పన్నెండులోపు ఎనిమిది గేట్లూ ఇంకో ముప్పావు మీటరు లేవడం మొదలవ్వాలి. లేకపోతే వరదకి డ్యామ్ తెగి కింద ఊరు మిగలదు. ఇంజనీరు పెట్టిన రూల్ ఒకటుంది. గేట్ల ఎత్తు ఒక లిస్టు, ఇంకెంత లేవాలో ఒక లిస్టు. రెండింట్లో అంకెల టైప్, అంటే పూర్ణసంఖ్యలా భిన్నాలా అన్నది, ఒకటైతేనే ప్రోగ్రాం వాటిని కూడుతుంది. తేడా వస్తే ఆగిపోతుంది. ఆగితే సైరన్ మోగి గేట్లు మనుషుల చేతికొస్తాయి. లోపల మన లేడీ ఏజెంట్ ఉంది. కోడ్‌వర్డ్ గొడుగు."

"కింద ఊళ్లో మా అక్కుంది సార్."

"అందుకే నిన్ను వద్దనుకున్నా. దగ్గర్లో ఇంకెవడూ లేడు."

పదకొండూ యాభై. ఏసీ మెకానిక్ వేషంలో మొండి కంట్రోల్ రూమ్‌లో అడుగు పెట్టాడు. ముందు సెంటు వాసన వచ్చింది, వెనకాల నల్లకళ్లద్దాల సుందరి వచ్చింది.

"గొడుగు తెచ్చారా? ఇక్కడంతా ఓకే. వెళ్లిపొమ్మని చీఫ్ ఆర్డర్."

"ఆయన మాట నేనెప్పుడు విన్నా గనక?"

మొండి స్క్రీన్ చూశాడు. మొదటి లిస్టులో ఇప్పుడు గేట్లు లేచి ఉన్న ఎత్తు, ఎనిమిది రెండ్లు. పక్క లిస్టులో ఎనిమిది ముప్పావులు. ఏ గేటుది ఆ గేటుకే కూడితే వచ్చిన జవాబు, మళ్లీ ఎనిమిది రెండ్లే!

"రెండుకి ముప్పావు కలిపితే రెండా? బడి మొహం చూడని మా అక్క కూడా నవ్వుతుంది."

"మొదటి లిస్టు పూర్ణసంఖ్యలది. జవాబుకీ ఆ టైపే. భిన్నం రాలిపోతుంది. రూలంతే."

"ఎవరి రూలు? చచ్చిపోయినాయనది కాదే!"

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. "ఆయనా ఇలాగే వాదించాడు. నోరు మూసుకుని పక్కకి జరుగు."

"జరగను. ఏం చేసుకుంటావో చేసుకో."

అంటూనే పొగబాంబు దాచిన స్క్రూడ్రైవర్ పిడి నొక్కాడు. గది నిండా పొగ. పిస్టల్ పేలింది. భుజంలో నిప్పు దిగింది. మొండి పళ్లు బిగించి కీబోర్డు మీద పడ్డాడు. పాత రూల్ లైను అక్కడే ఉంది, పనిచెయ్యకుండా ముందు ఒక గుర్తు పెట్టారంతే. గుర్తు చెరిపి ఎంటర్ కొట్టాడు.

స్క్రీన్ ఎర్రబడింది. 'టైపులు వేరు. కూడను.'

పన్నెండుకి రెండు సెకన్లుండగా సైరన్ మోగింది. బయట గేటుమెన్ చక్రాల మీద పడ్డారు. ముఠాకి అమ్ముడుపోయిన సుందరి చేతులకు తలుపు దగ్గర గార్డులు బేడీలు వేశారు.

భుజానికి కట్టు కడుతుండగా అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, ఇక్కడ సైరన్‌కి హడలి చచ్చాను! ఎవడ్రా ఆ పనిలేని వెధవ?"

"నేనేనక్కా."