ఇద్దరు యజమానులు, ఒక మేస్త్రీ

మంగళవారం సాయంత్రం 4:10కి శవం కనబడింది. సగం కట్టిన అయిదంతస్తుల భవనంలో, లిఫ్ట్ గుంత అడుగున.

మూడో అంతస్తు నుంచి పడ్డాడని డాక్టరు తేల్చాడు. చనిపోయినవాడు ఆ భవనం కాంట్రాక్టరు, భాగస్వామి. రెండో భాగస్వామి ఇంజనీరు. ఇరవై రెండేళ్ల స్నేహం. బంధుత్వం లేకపోయినా "బావా" అని పిలుచుకునేంత చనువు.

మూడో అంతస్తులో లిఫ్ట్ ద్వారానికి అడ్డంగా ఎర్ర చారల చెక్క పలకలు మూడు ఉండాలి. లేవు. మేకుల రంధ్రాలు మాత్రం ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ ఆ రంధ్రాలను చూసి, ఇంజనీరు వైపు తిరిగింది.

"పలకలు చివరిసారి ఎప్పుడు చూశారు?"

"మధ్యాహ్నం పన్నెండుకి మేడమ్."

"కచ్చితంగా?"

"వాచీ చూసుకున్నాను."

"అప్పుడు ఉన్నాయా?"

"ఉన్నాయి."

ఆ ఒక్క మాటతో ఉచ్చు సైటు మేస్త్రీ మెడకు బిగిసింది. పన్నెండు తర్వాత ఆ అంతస్తులో పనిచేసినవాడు అతనొక్కడే. ముందురోజే కాంట్రాక్టరు అతణ్ణి నలుగురిలో చెడామడా తిట్టాడు కూడా. ఏమడిగినా మేస్త్రీది ఒకటే జవాబు: "నాకేం తెలీదమ్మా." రిమాండుకు పంపారు.

ఆ జవాబు ఎక్కడిదో ఇంజనీరుకు తెలుసు. అంబులెన్స్ రాకముందే మేస్త్రీ చెయ్యి పట్టుకుని తానే నేర్పాడు. "నువ్వు నోరు విప్పకు. నేను చూసుకుంటా."

చూసుకోలేదు. ఆ వారమంతా స్నేహితుడి భార్య తన ముందే కూర్చుని మేస్త్రీని శపిస్తుంటే, తల వంచుకుని విన్నాడు.

ఏడో రోజు ఉదయం 9:30కి ఇన్‌స్పెక్టర్ ఇంజనీరునీ, మేస్త్రీనీ, కాంట్రాక్టరు భార్యనీ సైటుకు రప్పించింది. మేస్త్రీ ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య నిలబడ్డాడు.

"మూడుసార్లు వెతికించాను," అంది ఆమె. "పలకలు లేవు. బయటికీ పోలేదు. కట్టే ఇంట్లో చెక్క అందరి కళ్లముందే ఉండి ఎవరికీ కనబడని చోటు ఒక్కటే. కాంక్రీటు కింద."

నాలుగో అంతస్తు సన్‌షేడ్ చూపించింది. పోత గట్టిపడేదాకా కింద ఆనించే చెక్క ఇంకా విప్పనిది దానికొక్కదానికే. "ఆ సెంట్రింగ్ ఊడదీయండి."

పలకలు ఒక్కొక్కటే దిగాయి. మూడింటికి ఎర్ర చారలున్నాయి. సన్‌షేడ్ అడుగున కూడా ఆ రంగు అంటుకుని ఉంది.

"ఇది ఎప్పుడు పోశారు?"

ఆమె సైటు డైరీ తెరిచి ఇంజనీరు ముందు పెట్టింది. అందులో ఉన్నది అతని దస్తూరీయే. ఇంజనీరు చదివాడు. "మంగళవారం... పదిన్నరకి."

"పదిన్నరకి కాంక్రీటు కింద ఉన్నవి, పన్నెండుకి లిఫ్ట్ దగ్గర ఎలా కనిపించాయి?"

మేస్త్రీ తలెత్తాడు. "పన్నెండుకి చూశానన్నారా సార్?"

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని ఇంజనీరుకు అనిపించింది.

"చూసుకుంటానన్నారు. ఇలా చూసుకుంటారనుకోలేదు. ఒకాయన ఆపమంటాడు, ఇంకొకాయన కానిమ్మంటాడు. ఇద్దరు యజమానుల మధ్య నేనేం చెయ్యను? ఆఖరున చెప్పినాయన మాట విన్నాను."

"వాడి తప్పు లేదు మేడమ్," అన్నాడు ఇంజనీరు. "పలకలు చాలవు, కొత్తవి వచ్చేదాకా ఆగుదామన్నాడు మా బావ. మంగళవారం తొమ్మిదింబావుకి నేనే మేస్త్రీకి ఫోన్ చేశాను. లిఫ్టువి పీకైనా సరే, పోసెయ్యమన్నాను."

"ఆయనకు చెప్పారా?"

"లేదు. మళ్లీ గొడవెందుకని."

"ఆయన చేతిలో కొలత టేపు ఉంది," అంది ఇన్‌స్పెక్టర్. "వరండా కొలుస్తూ వెనక్కి నడిచాడు. వెనక పలకలున్నాయన్న ధైర్యం."

"వాటిని అక్కడ మేకులు కొట్టి బిగించింది మా బావే," అన్నాడు ఇంజనీరు. "సైటులో ఎవరి మాట చెల్లాలో ముందే రాసుకుందామన్నాడు. మన మధ్య కాగితాలేమిటి బావా అని నవ్వింది నేను."

"ఇది హత్య కాదు," అంది ఇన్‌స్పెక్టర్. "కానీ నిర్లక్ష్యానికీ అబద్ధానికీ వేర్వేరు సెక్షన్లున్నాయి. మేస్త్రీ విడుదలకు ఇవాళే కోర్టుకు రిపోర్టు ఇస్తాను."

ఇటుకల దొంతర మీద కూర్చున్న కాంట్రాక్టరు భార్య లేచింది. ఇంజనీరు వైపు తిరగలేదు. మేస్త్రీ ముందుకు వెళ్లి రెండు చేతులూ జోడించింది.

"నాయనా, వారం రోజులుగా నిన్ను, నీ పిల్లల్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంట్లో వాళ్లకు తిండికి ఎలా జరుగుతోంది?"

"మీరు నాకు దణ్ణం పెట్టకండమ్మా," అన్నాడు మేస్త్రీ.

స్టేట్‌మెంట్ రాయడానికి ఇంజనీరు కాగితం అడిగాడు.