రెక్కల బండిలో రెండో సీటు

మామిడికాయ తొక్కు పెడదామని సుగుణమ్మ పొద్దున్నే పెద్ద గాజు సీసా కోసం ఇల్లంతా గాలించింది. చివరికది పెరట్లోని కోళ్ల షెడ్డులో, పెట్రోలుతో నిండి దొరికింది.

"ఓ సహస్రా! నా తొక్కు సీసల పెట్రోలు పోస్తవానే?"

లాల్‌గడి మలక్‌పేట్‌లోని ఆ షెడ్డులో కోళ్లు లేక తొమ్మిదేళ్లు. వైమానిక దళంలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన ఆమె భర్త ఎల్లేష్ అక్కడ సొంతంగా రెండు సీట్ల విమానం కట్టుకుంటున్నాడు. సుగుణమ్మ దానికి పెట్టిన పేరు సవతి. ఆదివారం ఆ సవతి మొదటిసారి ఎగరబోతోంది.

తుర్కపల్లి ల్యాబులో పనిచేసే కూతురు సహస్ర సీసాలోంచి చిన్న ముక్క తీసి, తుడిచి, తండ్రి ముందు పెట్టింది.

"నాయినా, రెక్కలల్ల పెట్రోలు ట్యాంకు చేసినప్పుడు మిగిలిన ముక్క. బంకు పెట్రోలుల నలభై దినాలు నానబెట్టిన. గోరుతోని నొక్కి సూడు."

ఎల్లేష్ ముట్టుకోలేదు. "ఫైబర్ గుడ్డ మీద ఎపాక్సీ జిగురు రాసి, పొర మీద పొర ఏసి చేసిన. రాయి లెక్క ఉంటది."

"అప్పటి పెట్రోలుకు రాయే. ఇప్పుడు అండ్ల ఇథనాల్ మస్తు కలుపుతున్నరు. అది ఎపాక్సీని మెత్తగ జేస్తది. గా జిగురు పోయి ఫిల్టర్ల ఇరికితే గాల్లనే ఇంజన్ ఆగిపోతది. ట్యాంకు కోసి తీసేద్దాం నాయినా, అల్యూమినియంది పెడ్దాం."

"కోసుడంటే రెక్కలిప్పుడే! ఇంకో ఏడాది పడ్తది. నాకు అరవై రెండు నిండినయి, ఇంకెప్పుడు ఎగరాలె? ముప్పై ఏండ్లు ఇంజన్లతోని బతికినోన్ని, నాకు జెప్పకు. ఆదివారం ఎగుర్త, అంతే!"

సహస్ర కళ్లలో నీళ్లు తిరిగాయి. సుగుణమ్మ ఆ ముక్క అందుకుంది. ఇంజన్ల సంగతి ఆమెకు తెలియదు గానీ, నానినదేదో నాననిదేదో తెలియదా? నానిన బియ్యపు గింజలోకి దిగినట్టు గోరు దిగింది. ముక్కను భర్త ముందుకు చాపింది.

"ఏమయ్యా, నువ్వు నొక్కు."

"నీకేం! ఇది ఆగిపోతే నీకు పండుగే గద."

మరో రోజైతే ఆ మాటకు పది మాటలు అప్పజెప్పేది. ఇవాళ విమానంలోని రెండో సీటును చేత్తో తడిమింది. నెమ్మదిగా అంది.

"తొమ్మిదేండ్ల సంది సూస్తున్న. గా రెండో సీట్ల కూసుంటవా అని ఒక్కనాడన్న అడిగినవా?"

ఎల్లేష్ తెల్లబోయాడు. "నువ్వు... ఎక్కుతవా?"

"ఎందుకెక్క? మన ఊరిని మీదికెళ్లి సూడాలని నాకుండదా? నువ్వొక్కనివే పోయి రాకుంటే నన్నెవరు ఎక్కిస్తరయ్యా?" చివరి మాటకు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు నొక్కాడు ఎల్లేష్. గోటి గాటును చాలాసేపు చూశాడు. కళ్లు తడిశాయి.

"నీకిష్టం లేదనే అనుకున్న సుగుణా. తప్పయింది." కూతురి తల నిమిరాడు. "బిడ్డా, డబ్బా తే. ముందుగాల పెట్రోలు దించుదాం. యాడ కొయ్యాల్నో నువ్వే గీత గియ్యి."

సహస్ర డబ్బా కోసం పరుగెత్తింది. ఎల్లేష్ రెక్క మీద చెయ్యి వేసి నిట్టూర్చాడు. "ఏడాది పడ్తదే."

"పడనీ," అంది సుగుణమ్మ ముక్కు చీదుకుంటూ, "ఏడాది పొడుగునా కండ్ల ముంగటనే ఉంటవు గద."