మిరియాల ఓడను మళ్లించిన గాలి

గాలిపెట్టె సన్నగా హోరుమంటోంది. దాని ముందున్న తెరమీద ఐదు వందల ఏళ్ల కిందటి సముద్రం. అందులో ఒక పోర్చుగీసు ఓడ, దోసిట్లో పట్టేంత చిన్నదై, వెన్నెల్లో ఊగుతోంది.

ఆ ఓడ కప్తాను పేరు దువార్తె. ఆఫ్రికా కొస చుట్టి మన మిరియాలకోసం వస్తున్న తొలివాళ్లలో ఒకడు. ఫిరంగులు కూడా తెస్తున్నాడు. బేరం కుదరలేదన్న కోపంతో కేరళ తీరాన ఒక రేవును తగలబెట్టబోతున్నాడు. ఆ సంగతి చదివిన దగ్గరనుంచీ డాక్టర్ ఇందీవరకు అన్నం సయించడం లేదు.

కాలమంటే గదుల వెనక గదులున్న పెద్ద ఇల్లనుకోండి. పెరటి తలుపు తీస్తే వీధి గదిలో పరదా కదులుతుంది కదా! గాలిపెట్టె చేసేదీ అంతే. మనిషిని పంపలేదు, మాటనూ పంపలేదు. వెనకటి కాలానికి కాస్త గాలిని పంపుతుంది. తెరచాప ఓడకు అంతకంటే ఏం కావాలి?

ఆమె భర్త పానకాలు అన్నం క్యారేజీతో గుమ్మంలో నిలబడ్డాడు. గుంటూరు మిరపయార్డులో దళారీ. మనిషికంటే ముందు ఘాటు వస్తుంది.

"ఇంకా తినలేదా? నీ ఓడ ఎటూ పారిపోదుగానీ, అన్నం చల్లారిపోతోంది."

"దాన్ని వెనక్కి తిప్పేస్తానండీ. ఆ రేవులో పిల్లలు బతికిపోతారు."

"మంచిదే. కానీ పాత చొక్కాకి ఎక్కడో దారం లాగితే ఇంకెక్కడో గుండీ ఊడుతుంది. నన్ను మాత్రం ఊడగొట్టకు తల్లీ!"

ఆమె ఫక్కున నవ్వింది. "ఆ మిరియాలకీ మీ మిరపకాయలకీ ఏమిటండీ సంబంధం?"

"అదీ నిజమేలే. సీతారాముల పెళ్లిలో కూడా మన గుంటూరు కారమే వడ్డించి ఉంటారు."

ఇద్దరూ అలాగే నమ్మారు. అంత చదువుకున్న ఆవిడా, మిరప బస్తాల మధ్య పెరిగిన ఆయనా. మనమూ అలాగే నమ్ముతాం, మరి.

అతను చేతులు కడుక్కోవడానికి బయటి కుళాయి దగ్గరికి వెళ్లాడు. ఇందీవర మీట నొక్కింది.

ఎదురుగాలి లేచింది. తెరచాపలు వెనక్కి పొంగాయి. నావికులు మోకరిల్లి దండం పెట్టారు. దువార్తె చాలాసేపు తూర్పు వైపే చూశాడు, చూసి చూసి చెయ్యెత్తాడు. ఓడ నిద్రలో పక్కకు ఒత్తిగిలిన పిల్లలా మెల్లగా తిరిగింది. అక్కడ గాలే అడ్డం తిరుగుతుందని అతను చెప్పింది విని, ఆ వెనక మరే ఓడా ఆ దారిన రాలేదు.

"ఏవండీ, తిరిగిపోయింది!"

ఆమె బయటికి వచ్చి చూసింది. కుళాయి దగ్గర ఎవరూ లేరు. ఫోన్లో అతని పేరు లేదు. తమ ఇంటికి వెళ్లి తడితే, తలుపు తీసినవాళ్లు ఆమెను ఎరగరు. మీట నొక్కినప్పుడు గాలిపెట్టె గదిలో ఉన్నవాళ్లకే పాత లోకం గుర్తుంటుంది. ఆ గదిలో ఉన్నది ఆమె ఒక్కతే.

గుంటూరు వెళ్లింది. యార్డు ఉండాల్సిన చోట జొన్నచేను, గాలికి తలలూపుతూ. దాని పక్కన చిన్న భోజనశాల. లోపలినుంచి తెలిసిన గొంతు.

"రండమ్మా, కూర్చోండి. చారు వేడిగా ఉంది."

పానకాలే. అదే ముఖం, అదే చెయ్యి. కళ్లలో మాత్రం ఆమె లేదు.

ఆమె విస్తరి ముందు కూర్చుంది. "పప్పులో ఎండుమిరపకాయ ఉంటే వేయండి."

"ఏం కాయ?"

"ఎర్రగా, పొడుగ్గా... కారంగా ఉంటుంది."

"కారానికి మిరియాలేనమ్మా. ఎర్రటి కారం మా తాతల నాడు కూడా వినలేదు."

అప్పుడు తట్టింది ఆమెకు. మిరపగింజ మనది కాదు. అమెరికా నుంచి ఆ పోర్చుగీసు ఓడల్లోనే వచ్చింది. ఓడ రాకపోతే మిరప లేదు, యార్డు లేదు, అక్కడ తామిద్దరూ తొలిసారి ఎదురుపడడమూ లేదు.

పరుగున తిరిగి వెళ్లింది. ఎదురుగాలి ఆపడానికి మీటమీద వేలు పెట్టింది. తెరమీద ఆ రేవు కనిపించింది, తగలబడకుండా. సాయంకాలం. వాకిళ్లలో మిరియాలు ఆరబోసి ఉన్నాయి. ఒక తల్లి నీళ్లలోంచి బిడ్డను లాగి, వీపుమీద ఒకటి వేసి, వెంటనే తన చెంగుతోనే తల తుడుస్తోంది.

ఇందీవర చాలాసేపు చూసింది. వేలు తీసేసింది.

ఇప్పుడామె ఆదివారాలు ఆ భోజనశాలకు వెళుతుంది. కావాలని మూల బల్ల దగ్గర కూర్చుంటుంది, అక్కడినుంచి అతను వడ్డించడం కనిపిస్తుంది. ఒకరోజు చారు పోస్తూ అతను ఆగాడు.

"ఎప్పుడూ ఒక్కరే వస్తారేమమ్మా? మిరియాల ఘాటుకు కళ్లనీళ్లు పెట్టుకునైనా మా చారు వదలరు. ఈసారి మీ ఆయన్ని కూడా తీసుకురండి."