అంబాసిడర్ ముందద్దం

జడ్చర్ల. ఉదయం 11.40.

ఎస్సై కోమల జీపు దిగేసరికి షెడ్డు మధ్యలో పాత అంబాసిడర్ నిలబడి ఉంది. ముందద్దం ఉండాల్సిన చోట ఖాళీ.

"అరవై రెండు మోడల్ మేడమ్," అన్నాడు కారు యజమాని రఘుపతి. కొత్తకోట నుంచి వచ్చాడు. "అద్దాలన్ని కంపెనీతోటి వచ్చినవే. మా నాయిన కొన్న బండి. గసుంటి అద్దం మల్ల యాడ దొరుకుతది?"

ఏళ్ల తరబడి బోరు నీళ్లు కారి అద్దాలన్నీ తెల్లటి మరకలు పట్టాయి. వాటిని బాగుచేయడంలో ఈ షెడ్డు నడిపే కృష్ణయ్యకు ముప్పై ఏళ్ల పేరు. అద్దం విప్పి బల్ల మీద పెడతాడు. అద్దాలకు మెరుగుపెట్టే సీరియం పొడి నీళ్లలో కలిపి, మెత్తటి ఫెల్ట్ ప్యాడ్ ఉన్న మిషన్‌తో నెమ్మదిగా రుద్దుతాడు. మరక పోతుంది. ఈసారి అద్దమే పోయింది.

కంప్లయింట్ ఇచ్చింది కృష్ణయ్యే. ఉదయం 7.30కి.

తాళం పగల్లేదు. తాళంచెవులు రెండే. ఒకటి కృష్ణయ్య దగ్గర, రెండోది పదకొండేళ్లుగా అతని దగ్గర పనిచేస్తున్న డానియల్ దగ్గర. అందుకే డానియల్ ఎనిమిదింటి నుంచి స్టేషన్ బెంచీ మీద ఉన్నాడు. ఏం అడిగినా తెల్వదు అంటున్నాడట. ఫోన్‌లో "కూర్చోబెట్టండి" అన్నది కోమలే.

"నిన్న షెడ్డు ఎప్పుడు మూసిన్రు?" కృష్ణయ్యను అడిగింది కోమల.

"డానియల్ ఐదున్నరకు పోయిండు. నేను ఎనిమిదికి."

"అప్పుడు అద్దం ఉండెనా?"

"ఉండె మేడమ్."

"డానియల్ మీద అనుమానమా?"

కృష్ణయ్య తల దించుకున్నాడు. "నేనేం చెప్పాలె? తాళంచెవి వానితాన గూడ ఉన్నది."

కోమల మిషన్ తిప్పి చూసింది. ప్యాడ్ మధ్యలో నల్లగా మాడింది. పక్కనే బల్ల మీద కారు వెనకద్దం ఉంది.

"ఇది అయిపోయిందా?"

"యాడిది మేడమ్. గీ మూలకు తెల్లగ కనవడతలేదా? ఇంక రెండు రోజుల పని."

కోమల వంగి చూసింది. వెలుతురుకు ఎత్తించి చూసింది. మరక లేదు. రఘుపతిని చూడమంది. ఆయనకూ కనబడలేదు.

ఆమె గుమ్మం దాకా వెళ్లి వేళ్లు ఎత్తింది. "ఎన్ని?"

కృష్ణయ్య కళ్లు చికిలించాడు. లెక్కపెట్టడానికి గుమ్మం వైపు రెండడుగులు వేశాడు.

"ఒక్కతాన్నే ఎక్కువసేపు రుద్దితే అద్దం ఏమైతది?"

"వేడెక్కుతది."

"వేడెక్కితే?"

"పలుగుతది."

12.25కి డానియల్‌ను రప్పించి, అందరి ముందూ చెప్పింది కోమల.

"మరక అద్దం మీద లేదు, మీ కంట్ల ఉన్నది. శుక్లం వచ్చింది. డానియల్ పోయినంక రెండున్నర గంటలు లేని మరకను రుద్దిన్రు. ప్యాడ్ మాడింది, అద్దం పలిగింది. మేమంత తాళంచెవుల ఎంబడి పడ్డం. గీ వెనకద్దాన్ని ఎవ్వరం చూడలే. ముక్కలు యాడున్నయి?"

కృష్ణయ్య స్క్రాప్ డ్రమ్ము వైపు చేయి చూపాడు. గోనెసంచుల కింద నుంచి కానిస్టేబుల్ ముక్కలు తీశాడు.

"ముప్పై ఏండ్లల ఒక్క అద్దం పలగలే," అన్నాడు కృష్ణయ్య. "సిగ్గయింది మేడమ్. దొంగతనమంటే నన్నెవ్వరు అడగరనుకున్న. వాన్ని తీస్కపోతుంటె నాకు నోరు రాలే."

అతను డానియల్ వైపు చూడలేకపోయాడు. పొద్దున స్టేషన్‌లో డానియల్‌ను పట్టుకుని దొంగా అన్న రఘుపతి కారు చక్రం వైపు చూస్తున్నాడు.

"ఉస్తాద్ కండ్ల సంగతి నాకు ఎరుకనే," అన్నాడు డానియల్. "మూడు నెలల సంది ఆయన చేసింది నేను మల్లొకపాలి చూసుకుంట వస్తున్న. నిన్న జర తొందరగ పోయిన."

"మరి స్టేషన్ల ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఆయనకు పనెవరిస్తరు మేడమ్?"

కృష్ణయ్య బల్ల పట్టుకుని కూలబడ్డాడు. ముఖం దాచుకుని ఏడ్చాడు.

ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఫోన్‌లో తాను అన్న మాట గుర్తొచ్చింది కోమలకు. తల కొట్టేసినట్టయింది.

"రండి డానియల్. జీపుల ఇంటికాడ దింపుత."

డానియల్ అడ్డంగా తల ఊపాడు.

"జీపు వద్దు మేడమ్. పొద్దుగాల నన్ను జీపెక్కిస్తుంటె గల్లీ మొత్తం చూసిన్రు. నడుసుకుంటనే పోత."