నమిలి పెట్టిన ముద్ద

"బిడ్డను ఇట్లియ్యి. నీ పాలల్లోనే ఉండాది విషం."

మంజులమ్మ కోడలి ఒడిలోంచి ఎనిమిది నెలల భువనను లాక్కుంది. ఏడవడానికి పాప నోరు తెరిచింది... నాలుక మీద, బుగ్గల లోపల విరిగిన పాలలాంటి తెల్లటి పూత! ఆ ఉదయమే మంజులమ్మ గుడ్డకు తేనె అద్ది రుద్దితే, పూత ఊడిన చోట నెత్తురు వచ్చింది. మూడు రోజులుగా పాప రొమ్ము పట్టడం, నొప్పికి వదిలేసి గుక్కపట్టడం... వినుత రొమ్ములు కూడా పగిలి మండుతున్నాయి. అత్తకు అదే సాక్ష్యమైంది.

గుమ్మం దగ్గర వినుత సంచి సర్ది ఉంది. అడవి పక్క అంచెట్టిలోని పుట్టింటికి ఆమె ఒక్కతే పోవాలట. పాప ఇక్కడే డబ్బాపాలు తాగుతుందట. ఆ తీర్పు మంజులమ్మది. కృష్ణగిరి మామిడి మండీలో ఆమె మాటకు ఎదురు లేదు. అరవై రెండేళ్ళొచ్చినా ఒక్క పన్నూ కదల్లేదని ఊరంతా చెప్పుకునే మనిషి. కొడుకు తిలక్ కారు తాళం పట్టుకుని తల వంచుకున్నాడు.

"పోతాను," అంది వినుత. "దారిలో డాక్టరమ్మకు చూపిచ్చినాకే. పాలల్లో విషమని ఆమె చెప్తే, నేనే బిడ్డను మీ చేతికిచ్చి బస్సెక్కుతాను."

ఆ మాట తన చెవులతో వినాలని మంజులమ్మే అందరికంటే ముందు కారెక్కింది.

డాక్టర్ పవిత్ర పాప నోట్లోకి టార్చి వేసి చూసింది. ఇది ఫంగస్ వల్ల వచ్చే నోటిపూత అని, పాలలో పుట్టేది కాదని చెప్పింది. పాపకు చుక్కలమందు, తల్లి రొమ్ములకు పూతమందు చెరో చీటీ మీద రాసింది. ఇద్దరికీ ఒకేసారి వాడకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుందట. పాలు మాన్పించొద్దు. ఏడాది నిండేదాకా తేనె నాకించనే కూడదు. మంజులమ్మ మొహం మాడింది.

"వచ్చే దారి మూయకపోతే మళ్ళీ వస్తుంది," అంది డాక్టర్. "పాపకు ఎవరైనా నమిలి పెడుతున్నారా?"

రోజూ రాగిసంకటి ముద్దను తన నోట్లో మెత్తగా నమిలి మనవరాలికి పెట్టేది మంజులమ్మే. తన బిడ్డలనూ అట్లే పెంచింది. వినుత అత్త పెదవుల చివర్లు చూసింది. నెలరోజులుగా అక్కడ ఎర్రటి పగుళ్ళు. వేడి చేసిందని వెన్న రాసుకుంటోంది. కారం ముట్టడం లేదు. పళ్ళు తోముకోవడానికి కూడా తలుపు గడియ పెట్టుకుంటుంది...

"మా అత్త నోరు చూడండి డాక్టరమ్మా."

"నా నోరు తెరవమనేదానికి నువ్వెవరే, అడవిలోనుంచి వచ్చినదానా?"

తిలక్ మొదటిసారి తలెత్తాడు. "పొద్దున బిడ్డ నోరు పట్టి తెరిచినావు కదమ్మా. నెత్తురొచ్చినా వదల్లేదు. ఇప్పుడు నువ్వు తెరువు."

మంజులమ్మ గోడవైపు తిరిగింది. నోట్లో చెయ్యి పెట్టుకుంది. పై పళ్ళ వరుస మొత్తం ఊడి అరచేతిలోకి వచ్చింది. బుగ్గలు లోపలికి పోయి, కొడుకు ఏనాడూ చూడని ముసలి మొహం బయటపడింది. రెండేళ్ళ కిందట హోసూరులో చెల్లెలింట్లో రెండు నెలలుండి, గుట్టుగా కట్టించుకున్న పళ్ళు. ఎవరైనా చూస్తారని రాత్రిళ్ళు కూడా తీయలేదు! వాటి కింద అంగిలి అంతా పచ్చిపుండులా ఎర్రబడి ఉంది. ఇక్కడా అదే ఫంగస్ అని, రాత్రి పళ్ళు తీసి కడిగి నీళ్ళలో పెట్టాలని చెబుతూ డాక్టర్ మూడో చీటీ రాసింది.

తిలక్ చేతుల్లో పాప గుక్కపట్టింది. మంజులమ్మ దగ్గరికొచ్చి పాపను అందుకుంది. ఎప్పటిలా ముద్దు పెట్టుకోబోయి ఆగి, తన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నడిచివెళ్ళి బిడ్డను వినుత ఒడిలో పడుకోబెట్టింది. కొంగు తీసేసి, బయట వరసలో కూర్చున్నవాళ్ళకు కూడా వినబడేలా, గాలి పోతున్న ఆ నోటితోనే చెప్పింది.

"నీ పాలు కాదు వినుతా... బిడ్డ నోరు చెరిపింది నేను."