పసుపు పడ్డ సముద్రం

"చేపలు ఇయ్య" అంది వినీత.

చేపల దుకాణంలో నిలబడి చేపలు ఇవ్వనని చెప్పే పిల్లను ప్రేమ్ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. కంఠేశ్వర్‌లో ఆ దుకాణం వినీతదే. ఆమె రోజూ బోధన్ నుంచి వచ్చి తెరుస్తుంది.

"ట్యాంక్ కొన్న, సముద్రపు ఉప్పు కొన్న, పంప్ కొన్న. మల్ల చేపలెందుకియ్యరు?"

"నీళ్ళు ఎప్పుడు పోసిండ్రు?"

"పొద్దున."

"అన్నా, గా నీళ్ళల్ల చేపల్ని ఏస్తే సచ్చి తేలుతయి. వాటి మలినాన్ని తినే సూక్ష్మజీవులు ముందుగాల పుట్టాలె. నెల పైన్నే పడ్తది. అప్పటిదాంక ఖాళీ ట్యాంక్ చూసుకుంట కూసోండ్రి."

చేపలు దొరకలేదన్న బాధ కంటే ఆ "అన్నా" అన్న మాటే అతన్ని ఎక్కువ బాధించింది.

ప్రేమ్‌ది వేల్పూర్, పసుపు పండించే ఇల్లు. తల్లి రేణుకమ్మ సముద్రం చూడలేదు. టీవీలో చేపలు కనిపిస్తే చాలు, వంట వదిలేసి వచ్చి కూర్చుంటుంది. కాస్త సముద్రాన్ని ఇంటికే తెస్తే అమ్మ మురిసిపోతుందని అతని ఆశ.

ఇక వారం వారం సీసాలో నీళ్ళు పట్టుకొని కంఠేశ్వర్‌కు వెళ్ళడమే పని. వినీత అందులో మందు చుక్కలు వేసి, రంగు చూసి, "ఇంక కాలే" అనేది. మొదట్లో అతని మొహం వాడిపోయేది. తర్వాత తర్వాత, ఈ నీళ్ళు ఇప్పుడే సిద్ధం కాకపోతే బాగుండునని దేవుడికి దండం పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఈలోగా "అన్నా" కూడా ఎక్కడో జారిపోయింది, "నువ్వు" వచ్చింది. ఆ సంగతి తానొక్కడే గమనించాననుకున్నాడు.

నీళ్ళు సిద్ధమైన రోజు ముసురు పట్టింది. ప్రేమ్ తడిసి వచ్చి, దుకాణంలోని నీలం చేపను చూపించాడు.

"గదొకటి, పసుపుది ఒకటి, చారలయి నాలుగు."

"చెరుకు తియ్యగున్నదని వేర్లతోని నములుతరా? గా నీలంది జానెడు దాటి పెరుగుతది. నీ ట్యాంక్ల దానికి తిరగనీకె జాగుండది. రెండు క్లౌన్ చేపలు చాలు. గివి సముద్రంల పట్టినయి కావు, పెంపకంల పుట్టినయి."

"నీకు బేరం పోతది కదా."

"పోనీ. చేప పోవద్దు."

ఆ మాటతో అతను పూర్తిగా పడిపోయాడు. బేరం పోయినా ప్రాణం పోకూడదనుకునే మనిషి పక్కన బతుకంతా నిలబడాలనిపించింది. ఆ మాట చెప్పే ధైర్యం లేక, చేపల సంచీ పట్టుకొని బస్సెక్కాడు.

"నన్నడగకుంట నీళ్ళల్ల ఏమెయ్యకు" అని వెనక నుంచి వినీత హెచ్చరించింది.

నారింజ రంగు మీద తెల్ల చారల చేపలను చూసి రేణుకమ్మ కుర్చీని ట్యాంక్ ముందుకే జరుపుకుంది. అంతా బాగానే ఉంది. ఒకరోజు ప్రేమ్ చేను నుంచి వచ్చేసరికి ట్యాంకులో నీళ్ళు పచ్చగా ఉన్నాయి. చేపలు పైకి వచ్చి ఆయాసపడుతున్నాయి.

"ఒకదాని రెక్క చినిగిందిరా. మన పసుపే, చెంచెడు ఏసిన. దెబ్బకు మందే కదా" అంది రేణుకమ్మ.

చెబితే వినీత మళ్ళీ మొహం చూడదు. చెప్పకపోతే చేపలు బతకవు. ఒక్క క్షణం ఆగి ఫోన్ తీశాడు.

"వినీతా, నీళ్ళల్ల పసుపు పడ్డది."



"చేపలు?"

"ఇంక ఉన్నయి."

"కలిపిపెట్టిన ఉప్పునీళ్ళు ఉన్నయి కదా, బకెట్ల పోసి చేపల్ని అండ్ల ఎయ్యి. గాలి గొట్టం పెట్టు. వస్తున్న."

వినీత స్కూటర్ మీద నీళ్ళ క్యాన్లు కట్టుకొని, వానలో తడుస్తూ వచ్చింది. ట్యాంకులో పచ్చనీళ్ళు తోడి, కొత్త నీళ్ళు పోసి, ఫిల్టర్ కడుగుతుంటే ప్రేమ్ పక్కనే నిలబడి ఏది అడిగితే అది అందించాడు. తలుపు చాటు నుంచి రేణుకమ్మ ముందుకు వచ్చింది.

"వాని తప్పు లేదు బిడ్డా. నేనే ఏసిన."

"మనకు మందే అమ్మా. పొడి మొప్పలకు పట్టుకుంటే వాటికి ఊపిరాడది. గాయం మంచి నీళ్ళల్ల దానంతటదే మానుతది" అని ఆమె చెయ్యి పట్టుకుంది వినీత.

సాయంత్రానికి చేపలు మామూలుగా ఈదడం మొదలుపెట్టాయి. వినీత చాయ్ తాగి బయలుదేరింది. ప్రేమ్ గేటు దాకా వెళ్ళాడు.

"ఇగ నాకు చేపలియ్యవు కదా?"

"ఎందుకియ్య? అందరు చేపలు సచ్చినంక వచ్చి, చేపనే మంచిది కాదని లొల్లి పెడ్తరు. నువ్వు అవి బతికుండంగనే ఫోన్ చేసినవు. మీ అమ్మ నా ముందట తప్పు ఒప్పుకున్నది. గిసుంటి ఇంట్ల..." అని ఆగిపోయింది.

"గిసుంటి ఇంట్ల?"

"చేపలు మంచిగ బతుకుతయి."

"నువ్వు?" అని అడిగేశాడు.

వినీత హెల్మెట్ పెట్టుకుంది. ఇంతలో గుమ్మంలో నుంచి రేణుకమ్మ కేకేసింది.

"బిడ్డా, మీ బాపు ఇంట్ల ఎప్పుడుంటడు?"

వినీత ప్రేమ్ వైపు చూడలేదు. పెద్దావిడకే జవాబు చెప్పింది.

"ఆదివారం రాండ్రి అమ్మా. జర పొద్దున్నే రాండ్రి, పొద్దెక్కితే చేనుకు పోతడు."