ఫోన్‌లో వాన పడదు

రాదోస్తిన్‌లో ఒక సుగుణం ఉంది. తన పనిని ఎవరైనా మెచ్చుకుంటే, వాళ్ల నోరు నొప్పిపుట్టేదాకా వినే ఓపిక. బడిలో లెక్కలు తప్పినవాడు, ఇంట్లో కూర్చుని సొంతంగా నేర్చుకుని ఫోన్ యాప్‌లు చేస్తున్నాడు మరి.

వాళ్ల ఊరు ప్లోవ్‌దివ్‌లో మనిషి పోతే, ఫొటో ఉన్న నల్లంచు కాగితం ఇంటి తలుపుకి అంటిస్తారు. దాన్ని చేత్తో చింపరు. ఎండకీ వానకీ అదే రాలాలి. రాలితే పోయినవాళ్లు నెమ్మదించినట్టు. రాదోస్తిన్ ఆ కాగితాలన్నిటినీ ఒక యాప్‌లోకి ఎక్కించాడు. చూసేవాళ్ల వేలు అడుగుకి చేరబోతుండగానే కింద మరికొన్ని వచ్చి చేరతాయి. అన్నీ అయిపోయినచోట "ఇక లేవు" అని రాయాలి. రాస్తే జనం ఫోన్ పక్కన పెట్టేస్తారని, మళ్లీ మొదటినుంచి తిప్పాడు. యాప్ చేయించుకున్న యజమాని భుజం తట్టాడు.

కింది అంతస్తు త్సోంకా మామ్మ ఒకనాడు మెట్ల మీద ఆపింది.

"ఒరే రాదో, నీ యాప్‌లో మా ఆయన పోవట్లేదురా."

"మించో తాత పోయి రెండేళ్లయింది కదా మామ్మా."

"తలుపు మీది కాగితం ఎప్పుడో వానకి రాలింది. నీ దాంట్లో కిందికి వెళ్లేకొద్దీ మళ్లీ వస్తాడు. బతికుండగా అన్నానికి పిలిచినా ఇంత తొందరగా వచ్చేవాడు కాదు."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"మొదట్లో ఫొటోలో ఎదురుగా చూసేవాడు. ఇప్పుడు మొహం పక్కకి తిప్పుతున్నాడు... మా తలుపు వైపు. ఎక్కడో ఒకచోట ఆపరా."

"రేపు ఆపేస్తా మామ్మా."

యాప్ కోడ్‌లో రెండు వరుసల పని. కాఫీ చల్లారేలోగా అయిపోయేది. ఆ రేపు రాలేదు. జనం ఎంతసేపు చూస్తున్నారో లెక్క చూసుకుని మురిసిపోవడానికి మాత్రం తీరిక దొరికింది.

ఆమె వంటింట్లో కుర్చీలోనే పోయింది. తలుపు తెరిచినవాళ్లలో తనూ ఉన్నాడు. ఒళ్లో ఫోన్ వెలుగుతోంది. దాని మీద ఎవరి వేలూ లేదు. ఫొటోలు పైకి జరుగుతూనే ఉన్నాయి.

పాతిపెట్టి వచ్చిన మధ్యాహ్నమే ఆ రెండు వరుసలూ రాశాడు. "ఇక లేవు." జాబితా బుద్ధిగా ఆగింది. ఆమె పేరున పంచే ఉడికించిన గోధుమలు తెద్దామని మెట్లు దిగాడు.

మంచు కిటికీలను కప్పేసింది. తడి జిగురు వాసన. దాని వెనక పాత పొగాకు వాసన. త్సోంకా తలుపు మీద కొత్త కాగితం. దాని కింద, మెట్ల మలుపులో, మించోది. మొహం పూర్తిగా పక్కకి తిరిగి ఉంది. ఎవరో అంటించారనుకున్నాడు. దగ్గరికి వెళ్లాడు.

కింద ఇంకొకటి.

దాన్ని సమీపించాడు. దాని కింద మరొకటి... పేర్లు చదవలేదు. గబగబా దిగాడు. ఉన్నవి నాలుగు అంతస్తులే. వీధిలో బస్సు చప్పుడు వినిపిస్తోంది. వీధి మాత్రం రావట్లేదు.

ఆగాడు. కాగితాలూ ఆగాయి.

ఒక్క అడుగు కింద పెట్టాడు. చీకట్లో, కాగితాన్ని గోడకి అదిమి అరచేత్తో నిమురుతున్న చప్పుడు... సర్... సర్...

"రేపన్నావు కదరా, రాదో."

పైకి వెళ్లాలంటే ఆమె తలుపు దాటాలి. అది ఇప్పుడు ఓరగా తెరిచి ఉంది.

మెట్టు మీద కూలబడ్డాడు. చేతిలో ఫోన్ మీద "ఇక లేవు" అని చక్కగా కనిపిస్తోంది. అక్కడ ఆపడం వచ్చింది. ఇక్కడ ఎలా ఆపాలో అతనికి ఇంకా తెలియదు.